పరిశోధన ఫలాలు ప్రజలందరికీ అందాలంటే... ‘ఓపెన్ యాక్సెస్’ ప్రచురణకు నిధుల సమకూర్పు

(ప్రత్యేక వ్యాసం)

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంత ప్రజలను దశాబ్దాలుగా పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధిని గురించి తెలియని తెలుగువారు అరుదు. ఆ ప్రాంత ప్రజలకు రక్త, మూత్ర పరీక్షలు నిర్వహించి వ్యాధి విస్తృతిని అంచనా వేసిన అధ్యయనమొకటి 2019లో ‘కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్’ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన పత్రికలో వెలువడింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి గాని, పలాసలోని విలేకరి గాని, సోంపేటలోని డిగ్రీ విద్యార్థి గాని ఆ వ్యాసాన్ని పైసా చెల్లించకుండా చదువుకోవచ్చు. ఆ పత్రిక ‘ఓపెన్ యాక్సెస్’ విధానంలో, అనగా సార్వత్రిక లభ్యత విధానంలో నడుస్తుండడమే ఇందుకు కారణం.

పరిశోధన పత్రికలన్నింటి విషయంలోనూ పరిస్థితి ఇట్లా లేదు. చందా పద్ధతిలో నడిచే పత్రికలలో చందాదారు కానివారు ఒక్క వ్యాసాన్ని చదవడానికి సాధారణంగా 30 డాలర్లు, కొన్ని సందర్భాలలో అంతకు మించి చెల్లించవలసి వస్తుంది. పరీక్షల నిమిత్తం రక్తమిచ్చిన గ్రామస్థులకు, వారికి చికిత్స చేసే వైద్యునికి, వారి గురించి వార్త రాసే పాత్రికేయునికి ఆ పరిశోధన ఫలితాన్ని చదివే వీలు లేకపోవడం ఎంతవరకు సమంజసమన్నది గత రెండు దశాబ్దాలకు పైగా ప్రపంచవ్యాప్తంగా చర్చనీయాంశమై ఉన్నది. అయితే ఉచితంగా చదివే సౌకర్యం ఖర్చు లేకుండా ఏర్పడదు. ఆ ఖర్చును ఎవరు, ఏ దశలో, ఏ రూపంలో భరించాలన్నదే అసలు ప్రశ్న. కేంద్ర ప్రభుత్వం ‘ఒకే దేశం - ఒకే చందా’ పథకాన్ని అమలు చేస్తున్న నేపథ్యంలో పాత్రికేయులకు, అధికారులకు ఉపయుక్తంగా ఉండే వివరాలను ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

ఒకే ఫలితానికి మూడు చెల్లింపులు

పరిశోధన పత్రికల ఆర్థిక వ్యవస్థ ఇతర పత్రికల వ్యవస్థకు పూర్తిగా భిన్నమైనది. దినపత్రికలో రచయితకు పారితోషికం ఉంటుంది, ఉపసంపాదకునికి జీతం ఉంటుంది. పరిశోధన పత్రికకు వ్యాసం రాసే శాస్త్రవేత్తకు పత్రిక ఏమీ చెల్లించదు. ఆ వ్యాసంలోని బాగోగులను పరిశీలించే సమీక్షకులు కూడా సాధారణంగా ఎట్టి ప్రతిఫలం తీసుకోకుండానే ఆ పని చేస్తారు. వీరిలో అధిక సంఖ్యాకులు విశ్వవిద్యాలయాలలోను, ప్రభుత్వ ప్రయోగశాలలలోను జీతాలు పొందుతున్నవారే.

ఈ విధంగా ప్రజాధనం మూడుచోట్ల ఖర్చవుతున్నది. పరిశోధనకు అవసరమైన పరికరాలు, రసాయనాలు, ఉపకార వేతనాల రూపంలో మొదటిసారి ఖర్చవుతుంది. వ్యాసం రాసేవారు, సమీక్షించేవారు వెచ్చించే కాలానికి జీతం రూపంలో రెండవసారి ఖర్చవుతుంది. తయారైన వ్యాసాన్ని చదివేందుకు గ్రంథాలయాలు చెల్లించే చందా రూపంలో మూడవసారి ఖర్చవుతుంది. ప్రచురణ సంస్థలు సంపాదకత్వ నిర్వహణ, కూర్పు, సూచీకరణ, శాశ్వత భద్రత వంటి సేవలు అందిస్తున్న మాట వాస్తవమే. ఆ సేవలకు తగిన మూల్యం ఎంత, దానిని పాఠకుని నుంచి రాబట్టడమే మార్గమా అన్న ప్రశ్నల నుంచే ఓపెన్ యాక్సెస్ ఉద్యమం ఆవిర్భవించింది.

బుడాపెస్టు ప్రకటన, మూడు మార్గాలు

భౌతిక శాస్త్రవేత్త పాల్ గిన్స్‌పార్గ్ 1991లో అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో ప్రారంభించిన ‘ఆర్కైవ్’ అనే ఇంటర్నెట్ భాండాగారం ఈ దిశగా తొలి అడుగులలో ఒకటి. శాస్త్రవేత్తలు తమ వ్యాసాలను పత్రికలో అచ్చు కాకముందే అందులో ఉంచి, ప్రపంచమంతటికీ ఉచితంగా అందుబాటులోకి తెచ్చారు. 2002 ఫిబ్రవరి 14న వెలువడిన బుడాపెస్టు ప్రకటన ‘ఓపెన్ యాక్సెస్’ అన్న మాటకు స్పష్టమైన నిర్వచనాన్ని ఇచ్చింది. ఇంటర్నెట్‌లో ఎవరైనా వ్యాసాన్ని ఉచితంగా చదువుకోవడానికి, నకలు తీసుకోవడానికి, ఇతరులకు అందజేయడానికి వీలుండాలనీ, రచయితకు తగిన గుర్తింపు దక్కాలనీ ఆ ప్రకటన సారాంశం.

నిధుల దృష్టితో చూసినపుడు ఓపెన్ యాక్సెస్‌లో ప్రధానంగా మూడు మార్గాలున్నాయి.

స్వర్ణ మార్గం: పత్రికలోనే వ్యాసం ఉచితంగా లభిస్తుంది. ఇటువంటి పత్రికలు పెక్కింటిలో ప్రచురణ ఖర్చును వ్యాసం ఆమోదం పొందిన పిదప రచయిత నుంచి గాని, ఆయన పనిచేసే సంస్థ నుంచి గాని, పరిశోధనకు నిధులిచ్చిన సంస్థ నుంచి గాని ‘ప్రచురణ రుసుము’ రూపంలో వసూలు చేస్తారు.

హరిత మార్గం: వ్యాసం చందా పత్రికలోనే వెలువడుతుంది. అయితే సమీక్ష పూర్తయి ఆమోదం పొందిన ప్రతిని రచయిత తన సంస్థ భాండాగారంలో జమ చేస్తారు. వెంటనే గాని, నిర్ణీత కాలం గడచిన తర్వాత గాని అది అందరికీ అందుబాటులోకి వస్తుంది. ఇందుకు అయ్యే ఖర్చు భాండాగారం నిర్వహణకు పరిమితం.

వజ్ర మార్గం: పాఠకుడూ చెల్లించడు, రచయితా చెల్లించడు. విద్వత్ సంస్థలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు పత్రిక నిర్వహణ వ్యయాన్ని నేరుగా భరిస్తాయి.

ఒకే దేశం - ఒకే చందా

మన దేశంలో చదివే సౌకర్యాన్ని విస్తరించేందుకు చేపట్టిన కార్యక్రమాలలో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం పెద్దది. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఈ పథకానికి ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు గాను మొత్తం రూ.6,000 కోట్లు కేటాయించడం జరిగింది. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 ఎలక్ట్రానిక్ పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధన సంస్థలకు చెందిన సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులకు అందుబాటులోకి తేవడం పథకం లక్ష్యం. 2025 జనవరి 1 నుంచి ఇది అమలులోకి వచ్చింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం సమన్వయ బాధ్యతలు నిర్వహిస్తున్నది.

ఇంతకు పూర్వం వివిధ మంత్రిత్వ శాఖల ఆధ్వర్యంలోని పది గ్రంథాలయ సమాఖ్యలు వేర్వేరుగా ప్రచురణ సంస్థలతో ఒప్పందాలు కుదుర్చుకొనేవి. వాటి ద్వారా సుమారు 2,500 సంస్థలకు 8,100 పత్రికలు అందేవి. ప్రముఖ జాతీయ సంస్థలకు లభించే పత్రికలు జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు అందేవి కావు. ఆ అంతరాన్ని తగ్గించడం ఈ పథకం సాధించదలచిన ముఖ్య ప్రయోజనం. లెక్కలు చూస్తే, పథకానికి సగటున ఏటా రూ.2,000 కోట్లు వెచ్చించినట్లవుతుంది. 1.8 కోట్ల మందికి పంచి చూసినపుడు తలకు ఏటా సుమారు రూ.1,100 మాత్రమే. డబ్బు చెల్లించి చదివే పద్ధతిలో అంత మొత్తానికి ఒక్క వ్యాసం దొరకడం కూడా కష్టమే.

దీనికి తోడు, లబ్ధిదారులైన రచయితలు ఎంపిక చేసిన నాణ్యమైన ఓపెన్ యాక్సెస్ పత్రికలలో ప్రచురించుకొనేందుకు ఏటా రూ.150 కోట్ల కేంద్ర సహాయాన్ని కూడా ప్రకటించడం జరిగింది. చదివేందుకే కాక ప్రచురించేందుకు కూడా జాతీయ స్థాయిలో నిధులు ప్రత్యేకించడం గమనార్హం.

పథకం పరిధి వెలుపల ఉన్నవారు

చందాకు, సార్వత్రిక లభ్యతకు గల భేదాన్ని ఇక్కడ స్పష్టంగా గుర్తించవలసి ఉన్నది. చందా అనేది పేరు నమోదైన సంస్థలకు, చెల్లింపు కొనసాగినంత కాలం లభించే సౌకర్యం. పథకం తొలి దశ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలోని ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకు ఉద్దేశించినది. ఉభయ తెలుగు రాష్ట్రాలలో ఇంజనీరింగు కళాశాలలు అధిక భాగం ప్రైవేటు యాజమాన్యంలో ఉన్నాయన్నది తెలిసినదే. వాటితో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు, మండల వ్యవసాయాధికారులు, పదవీ విరమణ చేసిన ఆచార్యులు, ఏ సంస్థకూ చెందని పరిశోధకులు, పత్రికా కార్యాలయాలు ఆ జాబితాలోకి రావు. వరి తెగులుపై కొత్త అధ్యయనం వెలువడినపుడు దాని అవసరం అందరికంటె ముందు కలిగేది మండలంలోని వ్యవసాయాధికారికే. అయినప్పటికీ విశ్వవిద్యాలయం గేటు దాటి వచ్చిన నాటి నుంచి ఆయనకు ఆ పత్రిక అందుబాటులో ఉండదు.

ఓపెన్ యాక్సెస్‌లో వెలువడిన వ్యాసానికి ఈ పరిమితి ఉండదు. ఒకసారి అందరికీ తెరచి ఉంచిన వ్యాసాన్ని వచ్చే ఏడాది మళ్లీ కొనవలసిన అవసరం కూడా రాదు.

ప్రచురణ రుసుముతో వచ్చిన చిక్కు

ప్రచురణ రుసుము పద్ధతి పాఠకునికి అడ్డు తొలగించినప్పటికీ రచయితకు కొత్త అడ్డంకిని తెచ్చిపెట్టింది. ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసాన్ని ఓపెన్ యాక్సెస్‌లో ప్రచురించేందుకు 9,500 యూరోల రుసుమును 2020 నవంబరులో ప్రకటించారు. 2021 జనవరి నుంచి అది అమలులోకి వచ్చింది. ఇది గరిష్ఠ స్థాయికి చెందిన ఉదాహరణ. చాలా పత్రికల రుసుములు ఇంతకంటె తక్కువే అయినా, పెద్ద నిధుల తోడ్పాటు లేని అధ్యాపకునికి అవి కూడా అందనివే. కొన్ని పత్రికలు పేద దేశాల రచయితలకు రాయితీ ఇస్తున్నా, మధ్యాదాయ దేశమైన భారత్‌కు పలు సందర్భాలలో పూర్తి మినహాయింపు వర్తించదు.

ఏటా రూ.150 కోట్ల సహాయాన్నే తీసుకుందాం. ఒక్కో వ్యాసానికి రూ.2 లక్షలు అవుతుందనుకొంటే ఆ మొత్తం 7,500 వ్యాసాలకు సరిపోతుంది. రుసుము రూ.3 లక్షలైతే 5,000 వ్యాసాలకే వస్తుంది. రుసుమును నిర్ణయించే అధికారం ప్రచురణకర్తదే అయినపుడు, ఎంత నిధి కేటాయించినా అది ఎన్ని వ్యాసాలకు ఉపకరిస్తుందన్నది ప్రభుత్వం చేతిలో ఉండదు. కనుకనే పత్రికల ఎంపిక, ధరల బేరసారాలు కేటాయింపుతో సమానమైన ప్రాధాన్యం గల విషయాలు.

ఇతర దేశాల అనుభవాలు

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు తమ నిధులతో సాగిన పరిశోధనల వ్యాసాలు ప్రచురణ అనంతరం 12 నెలల లోపు ‘పబ్‌మెడ్ సెంట్రల్’ భాండాగారంలో ఉచితంగా లభించాలని 2008లో నిబంధన విధించాయి. 2025 జూలై 1 నుంచి ఆ గడువును కూడా తొలగించి, ప్రచురణతో పాటే అందుబాటులో ఉంచాలని నిర్దేశించాయి.

యూరప్‌లోని 11 జాతీయ పరిశోధన నిధి సంస్థలు 2018 సెప్టెంబరులో ‘ప్లాన్ ఎస్’ను ప్రకటించాయి. తమ నిధులతో సాగిన పరిశోధన ఫలితాలు వెంటనే ఓపెన్ యాక్సెస్‌లో వెలువడాలన్నది దాని ముఖ్య సూత్రం. 2021 నుంచి అది అమలులోకి వచ్చింది. అందులో చేరే విషయమై మన దేశం కూడా 2019లో ఆసక్తి చూపినా, తర్వాత జాతీయ చందా మార్గాన్ని ఎంచుకొన్నది.

గేట్స్ ఫౌండేషన్ అనుభవం మరింత ఆలోచింపజేసేది. ఎన్నో ఏళ్లు ప్రచురణ రుసుములు చెల్లించిన ఆ సంస్థ 2025 జనవరి నుంచి ఆ చెల్లింపులు నిలిపివేసి, సమీక్షకు పూర్వపు ప్రతిని (ప్రిప్రింటును) బహిరంగంగా ఉంచాలని తన నిధులు పొందేవారిని కోరుతున్నది.

జెనీవా సమీపంలోని సెర్న్ ఆధ్వర్యంలో 2014లో ఆరంభమైన ‘స్కోప్-3’ ఏర్పాటు మరొక దారి చూపింది. అధిక శక్తి భౌతిక శాస్త్ర పత్రికలకు గ్రంథాలయాలు విడివిడిగా చెల్లించే చందా సొమ్మును ఒకచోట కూడగట్టి ప్రచురణకర్తలకు చెల్లిస్తారు. ఫలితంగా ఆ వ్యాసాలకు పాఠకుడు చెల్లించడు, రచయితా చెల్లించడు. బ్రెజిల్‌లో 1998 నుంచి నడుస్తున్న ‘సైలో’ వేదిక ప్రభుత్వ తోడ్పాటుతో స్థానిక పరిశోధన పత్రికలను ఉచితంగా అందిస్తూ లాటిన్ అమెరికా దేశాలకు విస్తరించింది.

మన సంస్థల కృషి

ఈ రంగంలో భారతదేశం వెనుకబడి ఉన్నదనుకోవడం సరికాదు. సర్ సి.వి.రామన్ 1934లో బెంగళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన పత్రికల వ్యాసాలను సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా ఉంచుతూ వచ్చింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 2002లోనే తన ఆచార్యుల వ్యాసాలకు భాండాగారాన్ని ఏర్పాటు చేసుకొన్నది. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం పరిశోధన పట్టాల సిద్ధాంత వ్యాసాలను ఎలక్ట్రానిక్ రూపంలో సమర్పించడం తప్పనిసరి అయింది. ఆ విధంగా సమకూడిన లక్షలాది సిద్ధాంత వ్యాసాలను ‘శోధ్‌గంగ’లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. తెలుగు సాహిత్యం, ఆంధ్రుల చరిత్రపై మన విశ్వవిద్యాలయాలలో జరిగిన పరిశోధనలు పెక్కు అందులో లభ్యమవుతున్నాయి.

హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరులో గల ఇక్రిశాట్ సంస్థ తన శాస్త్రవేత్తలు తమ వ్యాసాలను సంస్థ భాండాగారంలో జమ చేయాలని 2009లో నిర్ణయించింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటలపై ఆ సంస్థ కృషిని మెట్ట ప్రాంతాల అధికారులు ఆ భాండాగారం ద్వారా తెలుసుకోవచ్చు.

కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, శాస్త్ర సాంకేతిక శాఖ 2014 డిసెంబరులో ఉమ్మడి విధానాన్ని ప్రకటించాయి. ఈ శాఖల నిధులతో జరిగిన పరిశోధనల వ్యాసాలు పత్రిక ఆమోదం పొందిన రెండు వారాలలోగా ఆమోదిత ప్రతులను భాండాగారంలో జమ చేయాలనీ, అవి శాస్త్ర విషయాలలో 6 నెలలకు, సామాజిక శాస్త్రాలలో 12 నెలలకు మించకుండా బహిరంగం కావాలనీ ఆ విధానం సూచిస్తున్నది. నిబంధన ఉత్తమమైనదే. దాని ఫలితం మాత్రం ప్రతి సంస్థలో భాండాగారం ఉన్నదా, దానిని చూసుకొనే గ్రంథాలయాధికారి ఉన్నారా, జమ అయినదీ లేనిదీ ఎవరైనా సరిచూస్తున్నారా అన్న అంశాలపై ఆధారపడి ఉంటుంది.

మోసపూరిత పత్రికల బెడద

రచయిత నుంచి రుసుము తీసుకొనే పద్ధతిని ఆసరాగా చేసుకొని, సరైన సమీక్ష లేకుండానే సొమ్ము తీసుకొని వ్యాసాలు ప్రచురించే పత్రికలు పుట్టుకొచ్చాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. సమీక్ష విషయంలోను, రుసుముల విషయంలోను రచయితలను మోసగించిందన్న అభియోగంపై 2019లో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు వెలువరించింది. నాణ్యమైన పత్రికల గుర్తింపునకు యూజీసీ రూపొందించిన ‘కేర్’ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపివేసి, పత్రికల ఎంపికను సూచనాత్మక ప్రమాణాల ఆధారంగా విద్యాసంస్థలకే విడిచిపెట్టడం జరిగింది. కనుక పదోన్నతుల కమిటీల బాధ్యత ఇపుడు మరింత పెరిగింది. ఓపెన్ యాక్సెస్ అంటేనే నాసిరకమన్న అభిప్రాయం ఎంత పొరపాటో, ఉచితంగా కనిపించిన ప్రతి వ్యాసాన్నీ ప్రామాణికంగా స్వీకరించడమూ అంతే పొరపాటు.

గమనించవలసిన అంశాలు

పరిశోధనలపై వార్తలు రాసే పాత్రికేయులు వ్యాసం చివర ఇచ్చే నిధుల వివరాలను తప్పక చూడవలసి ఉంటుంది. ప్రభుత్వ నిధులతో సాగిన పరిశోధన అయితే ఉచిత ప్రతి ఏ భాండాగారంలో ఉన్నదని అడగడం సమంజసమైన ప్రశ్న. గూగుల్ స్కాలర్‌లో వ్యాసం శీర్షిక కింద ఉండే ఇతర ప్రతుల జాబితాలో తరచు ఉచిత ప్రతి దొరుకుతుంది. దొరకని పక్షంలో రచయితకు ఈ-మెయిల్ పంపితే పలువురు సంతోషంగా ప్రతిని పంపుతారు. ప్రిప్రింటు అయిన పక్షంలో అది ఇంకా సమీక్ష పూర్తి కాని ప్రతి అన్న సంగతిని వార్తలో పేర్కొనడం పాఠకులకు మేలు చేస్తుంది. పత్రిక విశ్వసనీయతపై సందేహం కలిగితే 2003 నుంచి నడుస్తున్న ఓపెన్ యాక్సెస్ పత్రికల సూచిక ‘డీవోఏజే’లో దాని పేరు ఉన్నదీ లేనిదీ చూడవచ్చు.

పరిశోధనలకు నిధులు మంజూరు చేసే శాఖల అధికారులు, ఆమోదిత ప్రతిని భాండాగారంలో జమ చేయాలన్న షరతును మంజూరు ఉత్తర్వులలోనే చేర్చవచ్చు. తుది వాయిదా విడుదలకు ముందు జమ అయినదీ లేనిదీ సరిచూడవచ్చు. ఇందుకు అదనపు వ్యయం స్వల్పమే. ప్రచురణ రుసుముకు నిధి కోరిన ప్రతిపాదనలలో పత్రిక పేరు, రుసుము మొత్తం, రాయితీకి గల అవకాశం ముందుగా నమోదు చేయించడం ప్రజాధన పరిరక్షణకు తోడ్పడుతుంది.

ముగింపు

జాతీయ చందా కోట్లాది విద్యార్థులకు గ్రంథాలయ ద్వారాలు తెరచింది. అది చదివే హక్కును కొంతకాలానికి, కొంతమందికి సమకూర్చిన ఏర్పాటు. హరిత, వజ్ర మార్గాలకు వెచ్చించే సాపేక్షంగా చిన్న మొత్తం ఆ హక్కును అందరికీ, ఎల్లకాలానికీ ఇవ్వగలదు. పథకం ప్రస్తుత కాలపరిమితి 2027తో ముగుస్తుంది. అటుపై నిధులలో ఎంత భాగం చందాకు, ఎంత భాగం ప్రచురణకు, ఎంత భాగం మన సొంత భాండాగారాలకు, పత్రికలకు కేటాయించాలన్నది ఆలోపు నిర్ణయించుకోవలసిన విషయం.

ఉద్దానం వ్యాసం ప్రచురించిన పత్రిక సైతం రచయితల నుంచి ప్రచురణ రుసుము తీసుకొనేదే. అక్కడి వైద్యుడు, విలేకరి, విద్యార్థి దానిని ఉచితంగా చదవగలుగుతున్నారంటే ఖర్చు పాఠకుని వద్దకు రాకముందే తీరిపోయినందువల్లనే. ఆ ఖర్చు న్యాయమైన ధరకు, సరైన దశలో తీరేట్లు చూడడం పరిశోధనకు నిధులిచ్చే ప్రతి సంస్థ బాధ్యత.